రెండో బెంచీ టైలరమ్మ

గోడలకు చెవులుంటాయంటారు. మా బడిలో ఆ భయం లేదు, అసలు గోడలుంటేగా! పొడుగాటి హాలు ఒకటి కట్టి, మధ్యలో రెండు ఇనప బీరువాలు అడ్డం పెట్టి, ఇవి రెండు తరగతులన్నారు. ఇటు నా మూడో తరగతి, అటు ఐదో తరగతి. అటువైపు మాస్టారు ప్రశ్న అడిగితే ఇటువైపు నా పిల్లలు చేతులెత్తేవారు. నేను ఎక్కాలు చెప్పిస్తే అటువాళ్ళు కాళ్ళతో తాళం వేసేవారు. నా గొంతు కొంచెం పెద్దదే. పిల్లలు చాటుగా నన్ను మైకు టీచరంటారు. ఆ సంగతి నాకు తెలుసని వాళ్ళకి తెలియదు.

నేను చెప్పబోయేది నా గురించి కాదు. ఆ బీరువాలకి అటువైపు, రెండో బెంచీలో, పిల్లల మధ్య కూర్చుని గుండీలు కుట్టుకునే ఒక టైలరమ్మ గురించి.

ఆవిడ మొదటిసారి మా బడికి వచ్చిన రోజు నేను ఆఫీసు గదిలోనే ఉన్నాను. బడిలో చేర్చే వయసొచ్చిన పిల్లని ఇంకా చంకనెత్తుకోవడమేమిటా అని చూద్దును కదా, ఆ పిల్ల కాళ్ళు కత్తెరలా ఒకదాని మీద ఒకటి బిగుసుకుని ఉన్నాయి. కుడిచెయ్యి దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతోంది. పుట్టగానే ఏడవలేదట, ఆ కాస్త ఆలస్యం జన్మంతా ఒంటిమీద ఉండిపోయింది. బుర్రకేం లోటు లేదని డాక్టరు చెప్పాడని తల్లి అంది. కళ్ళు చూస్తే డాక్టరు చెప్పక్కర్లేదు. గదిలో ఉన్నవన్నీ ఒక్క చూపుతో లెక్క రాసేసుకున్నాయి ఆ కళ్ళు.

మా హెడ్మాస్టారు చెడ్డవాడు కాదు, భయస్తుడు. "వద్దని అనను తల్లీ, అనకూడదు కూడా. కానీ ఈ పిల్లని ఎత్తి కూర్చోబెట్టేదెవరు? అన్నం తినిపించేదెవరు? ఏదైనా అంటే అర్థం చేసుకునేదెవరు?" అన్నాడు.

"నేనండి."

"ఎలా? నువ్వు రోజంతా బళ్ళో కూర్చుంటావా?"

ఆయన వదిలించుకోవడానికి అన్న మాట అది. ఆవిడ దాన్ని ఉద్యోగంలో చేరమన్నట్టుగా తీసుకుంది. మర్నాడు బడిగంటకి ముందే ఒక భుజాన పిల్ల, రెండో భుజాన సంచీతో వచ్చి మొదటి తరగతిలో రెండో బెంచీ మీద కూర్చుంది. మొదటి బెంచీలో కూర్చుంటే వెనక పిల్లలకి తను అడ్డమొస్తుందట, మూడో బెంచీకి వెళ్తే పిల్లకి బోర్డు కనపడదట. అంత ఆలోచించి ఎంచుకున్న చోటు. ఐదో తరగతి వరకూ ఆవిడ బెంచీ మారలేదు. ఆ పిల్ల మూడో తరగతిలో ఉన్న ఏడు ఆ తరగతి ఇంకొకరిది, అందుకే అది నా చేతికింద చదవలేదు.

కుట్టుమిషను ఇంట్లో వీధి కిటికీ పక్కన ఉండేది. మిషను పనంతా తెల్లవారగానే కొంత, సాయంత్రం కొంత చేసుకునేది. చేతిపని సంచీలో వేసుకుని బడికి తెచ్చుకునేది. గుండీలు, హుక్కులు, అంచులు మడవడం. మొగుడు సామాన్ల బండి నడుపుతాడు. ఆయన రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే అందులో మూడు 'సరే'లు. ఒకసారి ఆయనే పాత కుర్చీకి చిన్న చక్రాలు బిగించి ఇచ్చాడు. అప్పట్నుంచి ఆవిడ నడుముకి కాస్త ఊపిరొచ్చింది. ఆ కుర్చీ కోసమని మా బడివాళ్ళు మెట్ల పక్కన ఒక వాలుబాట కూడా కట్టించారు. పిల్లి నడిచినా జారిపడేంత ఏటవాలుగా కట్టారు. దాన్ని కట్టినందుకు ఫోటో దిగారు, ఆవిడ మాత్రం రోజూ కుర్చీని మెట్ల మీదినుంచే ఎత్తేది.

అందరు దర్జీల్లాగే ఆవిడకీ గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని పనిచేసే అలవాటు. మాస్టారు కూతుర్ని ఏదైనా అడిగితే, పిల్ల ఏదో అనేది. వెంటనే ఆవిడ సూదులు అరచేతిలోకి తీసుకుని, పిల్ల చెప్పింది మాస్టారికి చెప్పి, మళ్ళీ సూదులు పెదాల మధ్య పెట్టుకునేది. ఇదీ పద్ధతి. పిల్ల రాయగలదు, కానీ ఎడమచేత్తో ఒక్క వాక్యం రాసేసరికి పీరియడ్ అయిపోతుంది. అందుకని రాతా ఆవిడే, మాటా ఆవిడే.

బడి మొత్తానికి ఆవిడంటే ఇష్టం. మా బడిలో గుండీ ఊడిన చొక్కా కనపడదు. ఎవరి జిప్పు ఇరుక్కున్నా, ఎవరి సంచీ తాడు తెగినా రెండో బెంచీకి పరిగెత్తాల్సిందే. ఆవిడ చిన్నప్పుడు మూడో తరగతితో ఆపేసిందట. "కూతురి పుణ్యమా అని ఐదు పాసవుతున్నావు, ఇంక నీకు ఉద్యోగం ఇప్పించాలి" అని నేను ఏడిపించేదాన్ని. "భిన్నాల దగ్గర తప్పుతానండి టీచరుగారూ" అని నవ్వేది. కూతుర్ని 'బంగారం' అని పిలిచేది. పిల్లలు, మాస్టార్లు కూడా అదే పేరుతో పిలిచేవారు. బంగారం మంచిపిల్ల, బంగారం నెమ్మదస్తురాలు, బంగారానికి కోపమే రాదు. ఇదీ ఆ పిల్లకి మా బడిలో ఉన్న పేరు.

ఐదో తరగతి సగంలో ఉండగా రోడ్డుకి అవతల ఉన్న పెద్దబడి నుంచి అక్కడి హెడ్మిస్ట్రెస్ వచ్చింది. మా పిల్లలందరూ ఆరో తరగతికి అక్కడికే వెళ్తారు. ఆవిడని అందరూ పెద్ద మేడమనే అంటారు. ముక్కుసూటి మనిషి. టైలరమ్మని బెంచీ మీద చూసి, సంగతంతా విని, ఆఫీసు గదిలోకి పిలిపించింది. నేనూ వెళ్ళాను, నన్నెవరూ పిలవకపోయినా.

"మా బళ్ళో తరగతిలో తల్లులు కూర్చోరమ్మా," అంది పెద్ద మేడమ్. "ఒక్కొక్క తరగతిలో కాలు పెట్టడానికి చోటుండదు. గంటకో టీచరు మారతారు. ఈ పిల్ల చెప్పింది వాళ్ళకి అర్థం కాకపోతే ఒక మూల బొమ్మలా కూర్చోవాలి. అలా కూర్చోబెట్టి చేర్చుకున్నామని చెప్పుకోవడం నాకిష్టం లేదు. పెద్ద పరీక్షలకి ముందు మళ్ళీ వస్తాను. నువ్వు పక్కన లేకుండా నాతో మాట్లాడిందనుకో, సంతోషంగా తీసుకెళ్తాను. లేదనుకో, ఇంటి దగ్గర చదువుకునే ఏర్పాటుంది. వారానికోసారి టీచరే ఇంటికొస్తారు."

నాకు ఒళ్ళు మండింది. చట్టం చేర్చుకోమంటోందని నేనూ గొంతు పెంచాను. ఆవిడ నావైపు తిరిగి, "చేర్చుకోమంటే చేర్చుకుంటానండి. ఆ తర్వాత ఆ పిల్లతో ఎవరు మాట్లాడతారో చట్టం చెప్పలేదు" అంది. ఆ మాట మీద కోపం నాకు ఇంకో రెండు రోజులుంది. ఇంటి దగ్గర చదువంటే ఏమిటో నాకు తెలుసు. ఒక గది, ఒక కిటికీ, కిటికీలోంచి బడికెళ్ళే పిల్లలు. వారానికోసారి వచ్చే టీచరు ఏ వారమైనా రాకపోతే అడిగేవాడుండడు.

టైలరమ్మ మాత్రం ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. బయటికొచ్చి, "నోరు తిరిగే జవాబులు కొన్ని ఏరి బట్టీ పట్టిస్తానండి. చిన్న చిన్నవి. పెద్ద మేడమ్ అడగ్గానే చెప్పేస్తుంది" అంది. కొలత తీసుకుని బట్ట కత్తిరించినంత ధీమాగా అంది. ఆ మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టింది.

నేను బీరువాకి ఇటువైపు ఉండి రోజంతా వింటూనే ఉండేదాన్ని. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పిల్ల ఎదురుగా నిలబడి మాట వినేవాళ్ళకి మాట కంటే ముందు మెలితిరిగే మెడ కనపడుతుంది, గాల్లో తిరిగే చెయ్యి కనపడుతుంది, పాపం అనుకునేలోపు మాట అయిపోతుంది. నాకు బీరువా అడ్డం. నాకు గొంతు ఒక్కటే వచ్చేది. రేడియో విన్నట్టు వినీ వినీ, నాకు తెలియకుండానే ఆ గొంతు అలవాటైపోయింది. కొన్ని అక్షరాలు మింగేస్తుంది, కొన్నిటిని సాగదీస్తుంది, అంతే. ఆ సాగదీయడం నేనిక్కడ రాయను. రాస్తే మీకు ఆ సాగుడే కనపడి పిల్ల కనపడదు.

ఒకరోజు అటువైపు కుర్ర మాస్టారు పాఠం చెప్తున్నాడు. కొత్తగా వచ్చిన పిల్లాడు, ఉత్సాహం ఎక్కువ, మతిమరుపు ఇంకా ఎక్కువ. "బంగారం, వాన ఎలా కురుస్తుందో చెప్పు" అన్నాడు.

పిల్ల చెప్పింది. తల్లి సూదులు చేతిలోకి తీసుకోవడం కూడా నాకు తెలిసిపోయేది, ఎందుకంటే అప్పుడు ఒక్క క్షణం ఆగేది. తర్వాత, "సముద్రం నీళ్ళు ఆవిరై, మబ్బులై, చల్లబడి కురుస్తాయంటోందండి" అంది.

"వెరీ గుడ్!" అన్నాడు మాస్టారు.

నేను పకపకా నవ్వేశాను. ఆపుకోలేకపోయాను. ఎందుకంటే ఆ పిల్ల అన్నది, "నిన్న కూడా ఇదే అడిగారు సార్, మర్చిపోయారా?" అని.

నా మూడో తరగతి పిల్లలు నోళ్ళు తెరుచుకుని నావైపు చూస్తున్నారు. అప్పుడు బీరువా అవతల్నుంచి ఆ గొంతు వచ్చింది. ఈసారి మాస్టారితో కాదు, తల్లితో కాదు, సూటిగా బీరువాతో.

"మైకు టీచర్, మీకు వినపడిందా?"

"వినపడిందే!" అన్నాను.

బల్లమీద దబదబా చప్పుడు. ఆ పిల్ల ఎడమచేత్తో బల్ల బాదుతోంది. ఏడుస్తోందేమోనని పరిగెత్తాను. నవ్వుతోంది. ఆ పిల్ల నోరారా నవ్వగా ఆ ఐదేళ్ళలో నేను చూడలేదు. టైలరమ్మ ముఖం మాత్రం పాలిపోయి ఉంది.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళాక ఆవిడని నా తరగతిలో కూర్చోబెట్టాను. పిల్ల కుర్చీ గుమ్మం దగ్గర ఉంది, మొగుడి బండి వచ్చేవరకూ వీధి చూస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఈ అనువాదం?" అన్నాను.

"మొదట్నుంచీనండి" అంది తలొంచుకుని.

"అది కొండంత చెప్తే నువ్వు గోరంత చేస్తున్నావు. గోరంత చెప్తే కొండంత చేస్తున్నావు. ఆ పిల్ల ఏమంటోందో ఈ బళ్ళో ఒక్కడికీ తెలియకుండా చేశావు కదే తల్లీ!"

"అది అన్నది అన్నట్టు చెప్తే బళ్ళో ఉండనిస్తారా?" అంది ఆవిడ. "దాని నోరు మీకు తెలియదు టీచరుగారూ. ముక్కు మీద కోపం. ఒకసారి హెడ్మాస్టారుగారు లోపలికొస్తే, ఈయన ఎందుకొచ్చాడు, నాకు నిద్రొస్తోంది అంది. నమస్కారమండి అంటోందని చెప్పాను. వేరే పిల్లలు అల్లరి చేస్తే అల్లరి పిల్లలంటారు. నా పిల్ల అల్లరి చేస్తే, నడవలేదు కానీ పొగరు చూడు, ఇంట్లో పెట్టుకోక మా మీదికెందుకు తోశారంటారు. మంచిపిల్లగా ఉంటేనే ఉండనిచ్చారు. అందుకని నేనే మంచిపిల్లని చేశాను."

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. అలాంటి మాటలవి. నాకు తిట్టాలనిపించింది, కాళ్ళ మీద పడాలనిపించింది. రెండూ చెయ్యలేదు. "నువ్వు చెప్పింది నిజమే" అన్నాను, ఎందుకంటే అది నిజమే. "కానీ పెద్ద మేడమ్ వచ్చి మాట్లాడేది నువ్వు చేసిన మంచిపిల్లతో కాదు. ఈ పిల్లతో. ఈ పిల్లని ఎవరికీ చూపించలేదు కదా నువ్వు."

గుమ్మం దగ్గర్నుంచి పిల్ల, వెనక్కి తిరక్కుండానే, "అదే నేనూ చెప్తున్నాను, వినదు" అంది.

మర్నాడు టైలరమ్మని వసారాలో కూర్చోబెట్టాం. చెప్పినంత తేలికేమీ కాలేదు. కుర్ర మాస్టారు పిల్లని, "నీ పుస్తకం ఏదమ్మా?" అని అడిగాడు. పిల్ల జవాబు చెప్పింది. అతనికి ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదంటే పిల్ల మనసు నొచ్చుకుంటుందనుకున్నాడు కాబోలు, "వెరీ గుడ్, కూర్చో" అన్నాడు. పిల్ల కూర్చునే ఉంది. పైగా అది అన్నది, "ఇంట్లో మర్చిపోయాను" అని. ఎవడైనా పుస్తకం మర్చిపోతే వెరీ గుడ్ అంటాడా? పిల్ల మళ్ళీ చెప్పింది. మళ్ళీ వెరీ గుడ్. మూడోసారి బల్లమీదున్నవన్నీ కిందికి తోసేసి గుక్కపట్టింది. వసారాలోంచి తల్లి నిప్పు తొక్కిన కోతిలా లోపలికొచ్చి పడింది. "క్షమించండి సార్, పుస్తకం తప్పకుండా తెస్తానంటోందండి" అంది పుస్తకాలు ఏరుతూ.

"అనలేదు!" అని అరిచింది పిల్ల. ఆ మాట మాత్రం అందరికీ అర్థమైంది.

ఇలా లాభం లేదని నేను ఆవిడని వసారాలోంచి తెచ్చి బీరువాకి ఇటువైపు, నా తరగతిలో కూర్చోబెట్టుకున్నాను. కనపడకూడదు, వినపడాలి, నోరు మెదపకూడదు. అదీ షరతు. మూడో తరగతి బెంచీలు చిన్నవి, ఆవిడ మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. ఒళ్ళో ఎవరిదో చొక్కా. ఇప్పుడు ఆవిడ సూదులు పెదాల మధ్య పెట్టుకునేది కుట్టడానికి కాదు, నోరు తెరవకుండా ఉండటానికి. మామూలుగా రెండో మూడో ఉండేవి. అటువైపు కూతురి పేరు పిలవగానే ఇంకో నాలుగు కలిపి గట్టిగా నొక్కి పట్టుకునేది. జవాబు తెలిసి చెప్పలేక ముక్కుతో మూలిగేది. నా పిల్లలు నవ్వి చచ్చేవారు.

అటువైపు దారి చూపించింది మాస్టారు కాదు, నేను కాదు. పిల్ల పక్కన తల్లి ఖాళీ చేసిన చోటులోకి జరిగిన రెండు జడల పిల్ల. ఆ పిల్లకి మర్యాదలేమీ తెలియవు. బంగారం ఏదో అనగానే, "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పింది. "ఇంకా అర్థం కాలేదు, మళ్ళీ." మళ్ళీ చెప్పింది. పెద్దవాళ్ళం మేం ఎవరం ఆ మాట అనలేకపోయాం. అర్థం కాలేదంటే బంగారం బాధపడుతుందనుకున్నాం. దానికి బాధ, మేం అర్థమైనట్టు నటించినందుకు.

ఆ వారంలోనే ఒకరోజు బంగారం ఏదో అంది. రెండు జడల పిల్ల రెండుసార్లు అడిగి, విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. "ఏమిటంటోంది?" అన్నాడు మాస్టారు. "మీరే అడగండి సార్" అంది ఆ గడుగ్గాయి.

ఇటువైపు టైలరమ్మకి అర్థమైపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి, సూదులతోనే "ఊఁ ఊఁ" అని తల అడ్డంగా ఊపింది. నేను వేలు చూపించి ఊరుకోబెట్టాను.

మాస్టారు కుర్చీ దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్న చప్పుడైంది. "నాకు అర్థం కాలేదమ్మా. మళ్ళీ చెప్పు" అన్నాడు. పిల్ల చెప్పింది. "గుండీ...?" అన్నాడు. మళ్ళీ చెప్పింది. "నా చొక్కా గుండీ... ఊడిందా?" ఇంకోసారి చెప్పింది. "నా చొక్కా గుండీ ఊడింది, పాఠం అయ్యాక మీ అమ్మకివ్వాలి!" అన్నాడు, పెద్ద బహుమతి గెలిచినవాడిలా. బీరువా పక్కనుంచి తొంగిచూశాను, కిందికి చూసుకుంటున్నాడు. నిజంగానే బొడ్డు దగ్గర గుండీ లేదు. తరగతి తరగతంతా పగలబడి నవ్వింది, అతనూ నవ్వాడు, అందరికంటే గట్టిగా ఆ పిల్ల నవ్వింది.

టైలరమ్మ సిగ్గుతో చొక్కాలో ముఖం దాచుకుంది. పాఠం అయ్యాక వెళ్ళి, "తప్పుగా అనుకోకండి సార్" అంటూ ఆ గుండీ కుట్టింది. "తప్పేముందమ్మా, పొద్దుట్నుంచీ ఒక్కళ్ళూ చెప్పలేదు" అన్నాడు అతను.

ఆ రోజు నుంచి పిల్లలు బంగారం అనడం మానేసి పిడుగు అన్నారు. పిడుగు ఎవరెవరి నడకలు ఎలా ఉంటాయో చెప్పేది, కుర్చీలో ఉండి తీరిగ్గా చూసే పని కదా. పిడుగు లెక్క తప్పు చెప్పేది, చీవాట్లు తినేది. మొదటిసారి కూతుర్ని మాస్టారు కేకలేసినప్పుడు టైలరమ్మ సూది వేలికి గుచ్చుకుంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ, "ఇదివరకు దాన్ని ఎవరూ తిట్టలేదండి. అందరిలా తిట్టారు" అని నా చెవిలో అంది. సంతోషమో బాధో ఆవిడకే తెలియలేదు.

పెద్ద పరీక్షలు దగ్గరపడ్డాయి. పెద్ద మేడమ్ చెప్పినట్టే వచ్చింది. నా తరగతి పిల్లలకి బొమ్మలు వేసుకోమని చెప్పి, నేనూ టైలరమ్మా బీరువాకి చెవులానించి నిలబడ్డాం. ఆవిడ పెదాల మధ్య ఎన్ని సూదులున్నాయో దేవుడికే తెలియాలి. పెదాలు తెల్లబడిపోయాయి. నా చెయ్యి పట్టుకుంది, అది పట్టుకోవడం కాదు, కత్తెరతో నొక్కడం.

రెండు బీరువాల మధ్య చిన్న సందుంది. అందులోంచి నాకు పెద్ద మేడమ్ వీపు, పిల్ల ముఖం కనపడుతున్నాయి.

"నన్ను గుర్తుపట్టావా?" అని అడిగింది పెద్ద మేడమ్, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటూ.

"పట్టాను. మీరు అప్పుడు మా అమ్మతోనే మాట్లాడారు, నాతో మాట్లాడలేదు" అంది పిడుగు.

పెద్ద మేడమ్‌కి అర్థం కాలేదు. ఆవిడ వీపు చూస్తేనే తెలిసింది. అందరు పెద్దవాళ్ళూ చేసే పనే చేసింది. తల ఊపి, "చాలా బాగుంది" అంది.

టైలరమ్మ అడుగు ముందుకేసింది. నేను రెండు చేతులా పట్టుకున్నాను. ఇన్నేళ్ళుగా ఇలాంటి సందులోకే కదా ఆవిడ దూరి, 'గుర్తుపట్టానండి, నమస్కారమండి అంటోందండి' అని చెప్పి గండం గట్టెక్కించింది! ఇప్పుడు వెళ్తే అంతా అయిపోతుంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. కాళ్ళకి తెలియదు.

అటువైపు పిడుగు ఊపిరి తీసుకుంది. "బాగుందనకండి. మీకు అర్థం కాలేదు. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమనాలి."

పెద్ద మేడమ్ కుర్ర మాస్టారి వైపు తిరిగింది. "ఏమంటోంది?"

మాస్టారు నోరు తెరిచి, మూశాడు. పై బడి హెడ్మిస్ట్రెస్‌తో ఆ మాట ఎలా చెప్తాడు? చెప్పకపోతే అదీ అబద్ధమే. అప్పుడు రెండు జడల పిల్ల లేచి నిలబడి, "మీరే అడగాలండి. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు అనాలి. మా సారు కూడా అలాగే అడుగుతారు. మొదట కష్టంగా ఉంటుంది, తర్వాత వచ్చేస్తుంది" అంది, కొత్తగా చేరిన పిల్లకి బడి పద్ధతులు చెప్పినట్టు.

పెద్ద మేడమ్ కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది. "సరే. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమ్మా, కొంచెం మెల్లిగా."

పిడుగు మళ్ళీ చెప్పింది. ఆవిడ సగం పట్టుకుంది. మళ్ళీ అడిగింది. ఈసారి మొత్తం పట్టుకుంది. "నిజమే, అప్పుడు నీతో మాట్లాడలేదు నేను. తప్పు నాదే" అంది. ఆ తర్వాత ఇద్దరూ చాలా మాట్లాడుకున్నారు. ఏ పాఠం ఇష్టం, ఏది కష్టం, చక్రాల కుర్చీ ఎవరు నెడతారు. కొన్నిసార్లు రెండుసార్లు అడగాల్సి వచ్చింది, కొన్నిసార్లు నాలుగుసార్లు. ఆఖరికి పెద్ద మేడమ్ అడిగింది:

"మా బళ్ళో మీ అమ్మ పక్కన ఉండదు. రోజంతా అమ్మ లేకుండా ఉండగలవా?"

పిడుగు తల అటూ ఇటూ ఊగి, బీరువా వైపు ఆగింది. మేం వింటున్నామని ఆ పిల్లకి తెలుసు.

"నేనుంటాను. అమ్మే ఉండలేదు."

ఈసారి పెద్ద మేడమ్‌కి మళ్ళీ అడగాల్సిన పని లేకపోయింది. మొదటిసారికే అర్థమైంది. నవ్వబోయి, ఆపుకుని, ఆ పిల్ల చూసిన వైపే తనూ చూసింది.

నేను టైలరమ్మ వైపు చూశాను. నోటినిండా సూదులు. నవ్వడానికి లేదు, ఏడవడానికి లేదు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, పెదాలు మాత్రం కదపకుండా బిగించి పట్టుకుంది. నేను అరచెయ్యి చాపాను. ఆవిడ ఒక్కొక్క సూదీ తీసి నా చేతిలో పెట్టింది. కింది పెదవి మీద చిన్న రక్తపు చుక్క ఉంది. నోరు ఖాళీ అయ్యాక కూడా ఏమీ అనలేదు. చెప్పాల్సిందంతా కూతురు చెప్పేసిందిగా.

బడులు మళ్ళీ తెరిచిన రోజు పిడుగుని పెద్దబడి గేటు దగ్గర దింపి, అలవాటుగా రోడ్డు దాటి మా బడికొచ్చేసింది టైలరమ్మ. సంచీ తెచ్చుకుని రెండో బెంచీ దగ్గర నిలబడింది. అక్కడ కొత్త పిల్లలు కూర్చుని ఉన్నారు. "ఏమ్మా, ఫెయిలయ్యావా?" అన్నాను బీరువా పక్కనుంచి. నవ్వింది. వసారాలో కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. గేటు వైపే చూస్తూ కూర్చుంది. ఆ రోజు ఎవరి బదులూ మాట్లాడే పని లేక, నా పిల్లలందరి గుండీలూ లాగి లాగి చూసి, గట్టిగా ఉన్నవి కూడా మళ్ళీ కుట్టింది.

తర్వాత్తర్వాత రావడం మానేసింది. రాకపోవడమే మంచిది, కానీ నాకు మాత్రం బీరువా అవతల బోసిగా ఉండేది.

మొన్న కిటికీ తెరలు కుట్టించుకుందామని ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. మిషను ముందు టైలరమ్మ, పక్కన చక్రాల కుర్చీలో పిడుగు. అప్పుడే బడినుంచి వచ్చినట్టుంది, సంచీ ఇంకా ఒళ్ళోనే ఉంది. లెక్కల టీచరు చెప్పిన కొత్త పాఠం తల్లికి చెప్తోంది. సున్నాకి కింద కూడా అంకెలుంటాయట, గీత గీస్తే సున్నాకి కుడివైపు ఎన్నుంటాయో ఎడమవైపూ అన్నే ఉంటాయట. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

టైలరమ్మ మిషను ఆపేసింది. బడిలో ఉన్నన్నాళ్ళూ కూతురి నోటివెంట మాట పూర్తిగా రాకముందే అందుకున్న మనిషి. కూతురి ముఖంలోకి చూస్తూ, పెదాల మధ్యనున్న సూదులు తీసి చేతిలో పట్టుకుంది.

"సున్నాకి కింద ఇంకేముంటుందే? నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు" అంది.

పిడుగు పెద్దగా నిట్టూర్చింది, అచ్చం మాస్టార్లలాగే. తర్వాత ఎడమచెయ్యి జాగ్రత్తగా మిషను బల్ల మీద పెట్టి, మొదట్నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.